పాటకి పాసు, మాటకి ఫెయిలు: పాత కారుకి బ్లూటూత్ హ్యాండ్స్‌ఫ్రీ, నాలుగు రకాల పరికరాల సమీక్ష

కార్ డెకార్ షాపులో బ్లూటూత్ పరికరం అమ్మేటప్పుడు చేసి చూపించే పరీక్ష ఒకటే. ఫోన్ కలుపుతారు, మంచి బేస్ ఉన్న పాట పెడతారు, తలుపులు అదురుతాయి, డబ్బులు చేతులు మారతాయి. అందులో మైకు ఎలా ఉందో ఆ పరీక్షలో తేలదు. హైవే ఎక్కాక వచ్చిన మొదటి కాల్‌లో అవతలివాళ్లు "ఏంటండీ, బావిలోంచి మాట్లాడుతున్నారా?" అన్నప్పుడు తేలుతుంది. అందుకే ఈ సమీక్షలో పాట గురించి దాదాపు ఏమీ లేదు. చవక పరికరాలు కూడా పాటని బాగానే వినిపిస్తాయి. మాట దగ్గరే వాటి బండారం బయటపడుతుంది.

ఆక్స్ (బయటి పరికరం వైరు గుచ్చే సాకెట్) ఉండి బ్లూటూత్ లేని పాత స్విఫ్ట్, వాగనార్, ఐ10 లాంటి బండ్లకి దారులు నాలుగు. లైటర్ సాకెట్‌లో గుచ్చే ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ సుమారు 500 నుంచి 1,500 రూపాయలు. ఆక్స్ రిసీవర్ 300 నుంచి 1,500. ఎండ పడకుండా తలపైన దించుకునే వైజర్‌కి తగిలించే స్పీకర్‌ఫోన్ 2,000 పైన. స్టీరియోనే మార్చేస్తే మామూలు బ్లూటూత్ డెక్ 3,000 నుంచి, టచ్‌స్క్రీన్ ఆండ్రాయిడ్ సెట్టు 6,000 నుంచి మొదలై ఎంతదాకా అయినా పోతుంది.

ముందు ఒక్క విషయం తెలుసుకుంటే మిగతావన్నీ తేలిగ్గా అర్థమవుతాయి. ఫోన్‌కీ కారుకీ మధ్య బ్లూటూత్ ఒక్కటే అయినా లోపల దారులు వేరు. పాట వెళ్లేది ఏ2డీపీ అనే ప్రొఫైల్‌లో. కాల్ వెళ్లేది హెచ్ఎఫ్‌పీలో. కాంటాక్టుల జాబితా ఇంకో దారిలో, పీబ్యాప్‌లో వస్తుంది. ఒకటి తెరుచుకుని ఇంకొకటి మూసుకుపోవచ్చు. "కనెక్టెడ్ అని చూపిస్తోంది, పాట వస్తోంది, కాల్ మాత్రం ఫోన్‌లోనే వస్తోంది" అనే ఫిర్యాదుకి మూలం ఇదే. పాత పద్ధతి కాల్‌లో సీవీఎస్‌డీ అనే కోడెక్ (శబ్దాన్ని కుదించి పంపే పద్ధతి) మాటని సెకనుకి 8,000 శాంపిళ్లతోనే పంపుతుంది. అంటే 4 కిలోహెర్ట్జ్ పైనున్నదంతా పోతుంది. స, ఫ లాంటి ఊదుడు ధ్వనుల గుర్తులు ఎక్కువగా ఆ పైనే ఉంటాయి కాబట్టి పేరో, ఫ్లాట్ నంబరో చెప్తే అవతలివాళ్లు రెండోసారి అడుగుతారు. హెచ్ఎఫ్‌పీ 1.6తో వచ్చిన ఎంఎస్‌బీసీ కోడెక్‌లో శాంపిళ్లు 16,000. మాట స్పష్టంగా మెరుగవుతుంది, కానీ ఫోనూ పరికరమూ రెండూ దాన్ని ఒప్పుకోవాలి. డబ్బా మీద బంగారు రంగులో కొట్టే 'బ్లూటూత్ 5.0', '5.3' అంకెలు కాల్ నాణ్యత గురించి దాదాపు ఏమీ చెప్పవు. వెతకాల్సింది 'హెచ్ఎఫ్‌పీ 1.6' లేదా ఆ పైది, లేదంటే 'హెచ్‌డీ వాయిస్' అన్న మాట.

ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్: అమ్మకంలో ముందు, మాటలో వెనక

ఇది చిన్న రేడియో స్టేషన్. ఫోన్ నుంచి శబ్దం తీసుకుని ఒక ఫ్రీక్వెన్సీలో వదులుతుంది, కారు రేడియో దాన్ని పట్టుకుంటుంది. బండి ఏదైనా రేడియో ఉంటే చాలు, వైరు ముట్టుకోనక్కర్లేదు, అద్దె కారుకి కూడా పనికొస్తుంది. ఇంతవరకే దీని గొప్ప.

ఫ్రీక్వెన్సీ ఎంచుకోవడంలో చాలామంది తప్పు చేస్తారు. పరికరం డబ్బాలోంచి ఏ అంకెతో వస్తే దాన్నే ఉంచేస్తారు. ముందు ట్రాన్స్‌మిటర్ పీకేసి, రేడియోని చేత్తో 0.1 చొప్పున తిప్పుతూ ఉత్త 'సర్ర్' మాత్రమే వినిపించే చోటు వెతకాలి. ఆ చోటే కాదు, దానికి 0.2 పైనా కిందా కూడా ఖాళీగా ఉండాలి. హైదరాబాద్‌లో 91.1, 93.5, 98.3, 101.9, 102.8 లాంటివి ఎలాగూ నిండిపోయాయి కాబట్టి బ్యాండుకి ఆ చివరా ఈ చివరా, 88 దగ్గరో 107 పైనో వెతకడం మేలు. ఊరు దాటితే ఖాళీల లెక్క మారుతుంది. హైదరాబాద్‌లో 102.2 దగ్గర హాయిగా నడిచిన ట్రాన్స్‌మిటర్ విజయవాడ దగ్గరపడేసరికి అక్కడి ఆకాశవాణి రెయిన్‌బో కింద నలిగిపోతుంది. దూర ప్రయాణాలు చేసేవాళ్లు రెండు మూడు ఖాళీ చోట్లు ముందే రేడియో ప్రీసెట్లలో వేసుకోవడం మంచిది. రేడియోలో 'ఆటో సీక్' నొక్కి ట్రాన్స్‌మిటర్‌ని పట్టుకుందామనుకోవద్దు. అది పక్కనున్న బలమైన స్టేషన్ దగ్గర ఆగిపోతుంది.

అంతా సరిగ్గా పెట్టినా సన్నగా 'సుయ్' మంటూ ఉంటే అదే సాకెట్ నుంచి నడుస్తున్న ఇతర చార్జర్లని ఒక్కొక్కటీ తీసి చూడండి. చవక యూఎస్‌బీ చార్జర్లలో, డ్యాష్‌క్యామ్ అడాప్టర్లలో ఉండే స్విచింగ్ సర్క్యూట్ ఎఫ్ఎం బ్యాండులోకి చప్పుడు కక్కుతుంది. చాలాసార్లు దోషి ట్రాన్స్‌మిటర్ కాదు, పక్కనున్న వంద రూపాయల చార్జర్.

ఇక మాట. మైకు ట్రాన్స్‌మిటర్ ఒంట్లోనే, గేరు రాడ్ ముందు, మోకాలి ఎత్తున ఉంటుంది. నోటికి ముప్పాతిక మీటరు దూరం. దగ్గరున్నవి ఏసీ ఫ్యాను, గేరు చప్పుడు, టైర్ల మోత. కాబట్టి అవతలికి ముందు అవే వెళ్తాయి. దానికి తోడు ప్రతిధ్వని. హ్యాండ్స్‌ఫ్రీ చిప్పులో ఎకో క్యాన్సిలర్ అని ఒకటి ఉంటుంది. స్పీకరుకి ఏ శబ్దం పంపిందో దానికి తెలుసు కాబట్టి, మైకులోకి తిరిగొచ్చిన దాంట్లోంచి ఆ శబ్దాన్ని తీసివేస్తుంది. కానీ ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ విషయంలో శబ్దం గాల్లో రేడియోకి వెళ్లి, రేడియో టోన్ కంట్రోల్ దాటి, మీరు ఎంత వాల్యూమ్ పెడితే అంతతో తలుపుల్లోంచి వస్తుంది. దారిలో ఏం జరిగిందో చిప్పుకి తెలియదు, లెక్క తప్పుతుంది. అవతలివాళ్లకి వాళ్ల గొంతే అర సెకను తర్వాత తిరిగి వినిపిస్తుంది. గుర్తు పెట్టుకోండి: అవతలివాళ్లకి ఎకో వినిపిస్తే లోపం మీ కారులో ఉంది. మీకు మీ గొంతు తిరిగి వినిపిస్తే లోపం వాళ్ల వైపుది.

దీనికి ఖర్చు లేని మందులు రెండున్నాయి. రేడియో వాల్యూమ్ సగానికి తగ్గించి చూడండి, ఎకో పోతే రోగం అదే. రెండోది, రేడియోలో బ్యాలెన్స్, ఫేడర్ సెట్టింగులతో శబ్దాన్ని మైకుకి దూరంగా ఉన్న స్పీకర్ల వైపు, వెనక్కి నెట్టడం. దీనికి లొంగకపోతే ఈ రకం పరికరంతో ఇక పోరాడి లాభం లేదు.

ఇంకో చికాకు ఉంది. తాళం తిప్పగానే ట్రాన్స్‌మిటర్ వెలుగుతుంది, ఫోన్ కలుస్తుంది. మరుక్షణం స్టార్టర్ తిరిగేటప్పుడు లైటర్ సాకెట్‌కి కరెంటు ఆగుతుంది లేదా వోల్టేజీ పడిపోతుంది. పరికరం ఆరిపోయి మళ్లీ వెలుగుతుంది, కొన్ని ఫోన్లు రెండోసారి తమంతట తాము కలవవు. ఇంజన్ స్టార్ట్ చేశాకే పరికరం గుచ్చడం, లేదా స్విచ్చు ఉన్న మోడల్ కొనడం తప్ప దీనికి మందు లేదు. గతుకుల్లో ఆగిపోతూ ఉంటే సాకెట్ లోపలి స్ప్రింగు పట్టు వదులైందన్నమాట. అసలు వెలగకపోతే ఫ్యూజు చూడండి. కొత్తది అదే ఆంపియర్‌ది వేయాలి. 15 తీసి 30 వేస్తే కాలేది ఫ్యూజు కాదు, వైరు. లారీ, బస్సుల్లో 24 వోల్టులు ఉంటాయి, డబ్బా మీద '12-24' అని ఉంటేనే గుచ్చాలి.

తీర్పు: ఎవరైనా ఫోన్ చేస్తే "డ్రైవింగ్‌లో ఉన్నా, పది నిమిషాల్లో చేస్తా" అని చెప్పి పెట్టేయడానికి చాలు. కొంటే మెడ వంగే గొట్టం ఉన్నదో, మైకు పైకి వచ్చేదో కొనండి. సాకెట్‌లో పూర్తిగా మునిగిపోయే బుల్లి మోడళ్లు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, మాటకి మాత్రం అన్నిట్లోకీ కనాకష్టం.

ఆక్స్ రిసీవర్

గాల్లో ప్రయాణం లేదు, 3.5 మి.మీ. వైరు నేరుగా స్టీరియోకి వెళ్తుంది కాబట్టి శబ్దం శుభ్రం. అయితే ఆక్స్ వైరు స్టీరియో వైపు శబ్దాన్ని మోస్తుందే తప్ప మైకుని మోయదు. కాబట్టి ఇక్కడా మైకు ఆ బుడ్డ పరికరంలోనే. మేలు ఏమిటంటే దాన్ని ఎక్కడ పెట్టాలో మీ చేతిలో ఉంటుంది. మీటరు, మీటరున్నర ఆక్స్ వైరు కొని, పరికరాన్ని స్టీరింగ్ వెనక మీటర్ల పైభాగంలోనో, స్టీరింగ్ కాలమ్ మీదో డబుల్ టేపుతో అతికిస్తే ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్‌కీ దీనికీ నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా. ఏసీ వెంటు గాలి నేరుగా తగిలే చోటు మాత్రం వద్దు.

కొనేటప్పుడు జాగ్రత్త. యూఎస్‌బీ పెన్‌డ్రైవ్ ఆకారంలో 150, 200కి దొరికేవాటి మీద 'హ్యాండ్స్‌ఫ్రీ' అని రాసి ఉన్నా చాలావాటిలో కాల్ దారే ఉండదు, పాట దారి మాత్రమే. తేల్చుకోవడం తేలిక. ఫోన్ జత చేశాక ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌లో కనెక్టెడ్ డివైజెస్‌కి వెళ్లి ఆ పరికరం పక్కనున్న చక్రం గుర్తు నొక్కండి. అక్కడ 'ఫోన్ కాల్స్', 'మీడియా ఆడియో' అని రెండు మీటలుండాలి. మొదటిది లేకపోతే ఆ పరికరంలో హెచ్ఎఫ్‌పీ లేదు, మీరు ఏం చేసినా రాదు. రిటర్న్ గడువు ముగియకముందే ఈ ఒక్క పేజీ చూడండి.

ఆక్స్‌తో వచ్చే ప్రసిద్ధ రోగం 'కుయ్య్' మనే మోత. యాక్సిలరేటర్ నొక్కితే స్థాయి పెరుగుతుంది, వదిలితే దిగుతుంది. అది ఆల్టర్నేటర్ (ఇంజన్‌తో తిరిగి కరెంటు తయారుచేసేది) మోత. కారణం గ్రౌండ్ లూప్: రిసీవర్ కరెంటు తీసుకునేది కారు నుంచే, ఆక్స్ వైరు వెళ్లేదీ కారు స్టీరియోకే. రెండు దారుల్లో రెండు గ్రౌండులు (కరెంటు తిరిగి వెళ్లే దారులు) ఏర్పడి వాటి మధ్య చిన్న తేడా చప్పుడుగా మారుతుంది. నిర్ధారించుకోవాలంటే రిసీవర్‌ని చార్జర్ నుంచి తీసి పవర్‌బ్యాంకుతో నడపండి. మోత ఆగితే అదే. 150 నుంచి 400 రూపాయలకి గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ దొరుకుతుంది, రిసీవర్‌కీ ఆక్స్ జాక్‌కీ మధ్య పెడితే చాలు. లోపల రెండు చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు తప్ప ఏమీ ఉండవు, మరీ చవకవాటిలో బేస్ కొంచెం పల్చబడుతుంది. మాటకి ఆ నష్టం లెక్కలోకి రాదు.

బ్యాటరీ ఉన్న రిసీవర్లు, బ్యాటరీ లేకుండా యూఎస్‌బీ కరెంటుతో నడిచేవి అని రెండు రకాలు. మన ఎండలకి రెండోదే కొనాలి. మే నెలలో ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు 60 డిగ్రీలు దాటుతుంది, లిథియం బ్యాటరీ ఉబ్బడానికి అది చాలు. బ్యాటరీ రకంలో ఇంకో తలనొప్పి: ఫోన్ కలవకపోతే కొన్ని నిమిషాల్లో నిద్రపోతుంది, ప్రతిసారీ బటన్ నొక్కి లేపాలి. యూఎస్‌బీ రకం తాళంతో పాటే లేస్తుంది.

వాల్యూమ్ లెక్క కూడా ఉంది. ఫోన్‌ని నాలుగింట మూడొంతుల దగ్గర ఉంచి, ఎక్కువ తక్కువలు స్టీరియోతో చూసుకోవాలి. ఫోన్‌లో తక్కువ, స్టీరియోలో ఎక్కువ పెడితే నిశ్శబ్దంలోంచి గరగర పైకి లేస్తుంది. పాట వాల్యూమ్, కాల్ వాల్యూమ్ వేర్వేరుగా గుర్తుంటాయి. కాల్ సన్నగా వినిపిస్తుంటే కాల్ నడుస్తుండగానే, బండి ఆపి, ఫోన్ పక్క బటన్‌తో పెంచాలి. పాట నడిచేటప్పుడు పెంచితే కాల్‌కి అంటదు.

తీర్పు: డబ్బుకి తగిన ఫలితం దీంట్లోనే. స్టీరియో మార్చే ఉద్దేశం లేకపోతే ఇక్కడితో ఆగిపోవచ్చు.

వైజర్ స్పీకర్‌ఫోన్

మైకు, స్పీకరు, ఎకో తీసే చిప్పు మూడూ ఒకే పెట్టెలో, అదీ మీ నోటికి అడుగున్నర దూరంలో. కారు స్టీరియోతో సంబంధం లేదు. నాలుగు రకాల్లోనూ మాట అన్నిటికన్నా సహజంగా వెళ్లేది దీంట్లోనే, ఎందుకో పైన చదివాక చెప్పనక్కర్లేదు. స్పీకరు చిన్నది కాబట్టి 100 కిలోమీటర్ల వేగంలో కిటికీ దించి వినలేరు. పాటలకి అసలు పనికిరాదు. అసలు బాధ బ్యాటరీదే: అద్దం వెనకే, ఎండకి ఎదురుగా కూర్చుంటుంది. బండి నీడన పెట్టే వీలున్నవాళ్లకి, రోజంతా కాల్స్ మీద బతికే మెడికల్ రెప్‌లకి, ఫీల్డు ఉద్యోగులకి సిఫారసు. దిగేటప్పుడు తీసి గ్లవ్ బాక్సులో పడేసే అలవాటు ఉంటేనే.

స్టీరియో మార్చడం

మంచి ఫలితం ఇచ్చేదీ, చేతకాని బిగింపుతో పాడయ్యేదీ ఇదే. సెట్టు కంటే బిగించే మనిషి చెయ్యి ముఖ్యం.

ముందు కొలత. పాత కార్లలో సింగిల్ డిన్ అంటే సుమారు 180 మి.మీ. వెడల్పు, 50 మి.మీ. ఎత్తు. డబుల్ డిన్‌లో ఎత్తు 100. డాష్‌బోర్డు ఒంపుతో కలిసిపోయిన కంపెనీ స్టీరియో ఉన్న బండ్లకి ఆ మోడల్‌కే చేసిన ఫ్రేమ్ కావాలి. తర్వాత కప్లర్, అంటే బండి కంపెనీ వైర్ల ప్లగ్గుకీ కొత్త సెట్టుకీ మధ్య పెట్టే జోడింపు. మీ బండి మోడల్‌కి సరిపడే కప్లర్ 200 నుంచి 500 మధ్య దొరుకుతుంది, అది పెడితే కంపెనీ వైరు ఒక్కటి కూడా కోయనక్కర్లేదు. "కప్లర్ ఎందుకు సార్, కట్ చేసి టేపు చుట్టేస్తా" అన్నారంటే ఆ షాపు నుంచి వచ్చేయండి. వారంటీలో ఉన్న బండికైతే కోసిన వైరు రేపు కరెంటు పనికి సంబంధించిన ప్రతి క్లెయిమ్‌లోనూ అడ్డంకి.

బయట దొరికే సెట్లలో పసుపు వైరు బ్యాటరీ నుంచి ఎప్పుడూ ఉండే 12 వోల్టులు, ఎరుపు తాళం తిప్పితే వచ్చేది, నలుపు గ్రౌండు. కొన్ని బండ్ల కంపెనీ కప్లర్‌లో పసుపు, ఎరుపు స్థానాలు తారుమారుగా ఉంటాయి. అప్పుడు తాళం తీసిన ప్రతిసారీ సెట్టు జ్ఞాపకం పోతుంది: గడియారం సున్నాకి వస్తుంది, జత చేసిన ఫోన్లు మాయమవుతాయి, రోజూ కొత్తగా పెయిర్ చేయాల్సి వస్తుంది. దీన్ని 'బ్లూటూత్ చెడిపోయింది' అనుకుని సెట్టు వాపసు ఇచ్చేవాళ్లున్నారు. మల్టీమీటర్‌తో నిమిషం పని. తాళం తీసేసి ఉన్నప్పుడు పసుపులో 12 చూపించాలి, ఎరుపులో సున్నా. తాళం ఏసీసీలో (ఇంజన్ ఆన్ కాకుండా స్టీరియో నడిచే చోట) పెడితే రెండింట్లోనూ 12. రెండూ కలిపి ఎప్పుడూ ఉండే కరెంటుకే ఇచ్చేస్తే జ్ఞాపకం పోదు కానీ, బండి రెండు మూడు రోజులు కదలకపోతే బ్యాటరీ దిగిపోతుంది. నలుపు వైరుని పెయింట్ మీద స్క్రూతో బిగిస్తే ఇందాకటి ఆల్టర్నేటర్ మోత ఇక్కడా వస్తుంది. రంగు గీకి, ఇనుము తగిలేలా బిగించాలి.

మైకు దగ్గర షాపులు చేసే తప్పు ఏమిటంటే, సెట్టుతో వచ్చిన బయటి మైకుని డబ్బాలోనే వదిలేయడం. చాలా సెట్ల ముఖం మీద సూదిబెజ్జం అంత లోపలి మైకు ఉంటుంది, పాట పరీక్షకి అది కూడా అక్కర్లేదు కాబట్టి ఎవరూ అడగరు. సెట్టు వెనక మైకు జాక్ ఉందేమో చూసి బయటిదే పెట్టించుకోండి. కొన్ని ఆండ్రాయిడ్ సెట్లలో జాక్ గుచ్చినంత మాత్రాన అది పనిచేయదు, సెట్టింగుల్లో లోపలి మైకు నుంచి బయటి మైకుకి మార్చాలి. గోటితో బయటి మైకు మీద టక్ టక్ కొట్టించి అవతలివాళ్లకి వినిపిస్తోందో లేదో అడిగితే ఏది నడుస్తోందో తెలిసిపోతుంది.

ఎక్కడ పెట్టాలి? స్టీరింగ్ కాలమ్ పైన, లేదా లోపలి అద్దం పక్కన రూఫ్‌కి, ముఖం డ్రైవర్ వైపు. నోటికి 30 నుంచి 50 సెంటీమీటర్లు. డాష్‌బోర్డు మీద గాజుకి దగ్గరగా పెడితే గాజు నుంచి తిరిగొచ్చే శబ్దంతో మాట డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. వైరుని ముందు అద్దం పక్కనుండే స్తంభం మీదుగా తీసుకెళ్లేటప్పుడు ఆ కవరు మీద ఎయిర్‌బ్యాగ్ గుర్తు ఉందేమో చూడాలి. ఉంటే కవరు లోపల దూర్చకుండా తలుపు రబ్బరు బీడింగ్ అంచున దాచాలి. మైక్ గెయిన్ (మైకు శబ్దాన్ని ఎంత పెంచి పంపాలి అనే) సెట్టింగు ఉంటే నడిమధ్యలో మొదలుపెట్టండి. ఎక్కువైతే ఏసీ హోరు, ఎకో రెండూ పెరుగుతాయి.

చవక ఆండ్రాయిడ్ సెట్టా, చిన్న స్క్రీన్ ఉన్న బ్రాండెడ్ డెక్కా అన్న ప్రశ్నకి, కాల్స్ కోసమైతే డెక్. తాళం తిప్పిన కొన్ని సెకన్లలో ఫోన్ కలిసిపోతుంది. తక్కువ ర్యామ్ ఉన్న ఆండ్రాయిడ్ సెట్టు పూర్తిగా లేవడానికే అర నిమిషం తీసుకుంటుంది, ఆ లోపు వచ్చిన కాల్ ఫోన్‌లోనే మోగుతుంది. తొమ్మిది అంగుళాల తెర మీద మ్యాపు చూసుకోవడం వేరే సుఖం, దానికి వేరే సమీక్ష కావాలి.

ఆండ్రాయిడ్ ఆటో (ఫోన్‌లోని మ్యాపు, పాటలు, కాల్స్‌ని కారు తెర మీదకి తెచ్చేది) ఉన్న సెట్టు కొన్నవాళ్లకి ఒక మాట. యూఎస్‌బీ వైరుతో కలిపినా సరే ఆండ్రాయిడ్ ఆటోలో కాల్ శబ్దం వెళ్లేది బ్లూటూత్ హెచ్ఎఫ్‌పీలోనే. వైరు పెట్టాం కదా అని ఫోన్‌లో బ్లూటూత్ ఆపేస్తే మ్యాపు, పాట వస్తాయి, కాల్ రాదు. ఐఫోన్‌కి ఉండే అలాంటి ఏర్పాటు కార్‌ప్లేలో ఇలా కాదు, కాల్ కూడా కార్‌ప్లే దారిలోనే పోతుంది.

పరికరం ఏదైనా వచ్చే చిక్కులు

షాపుకి పరిగెత్తే ముందు: అదే పరికరానికి ఇంకో ఫోన్ కలిపి చూడండి, మీ ఫోన్‌ని ఇంకో కారుకి కలిపి చూడండి. ఐదు నిమిషాల్లో తప్పు ఏ వైపుదో తేలిపోతుంది. ఫోన్‌దైతే సెట్టు మార్చినా పోదు.

కాల్ కారులో కాకుండా ఎక్కడో మోగుతుంటే చేతికి చూడండి. ఇప్పుడు రెండు వేల లోపు దొరికే 'బ్లూటూత్ కాలింగ్' వాచీలన్నీ ఫోన్ దృష్టిలో హ్యాండ్స్‌ఫ్రీ పరికరాలే. కారు, వాచీ రెండూ హెచ్ఎఫ్‌పీలో కలిసి ఉంటే చివర కలిసినదానికో, చివర వాడినదానికో ఫోన్ కాల్ ఇచ్చేస్తుంది. వాచీకి సంబంధించిన బ్లూటూత్ పేజీలో 'ఫోన్ కాల్స్' మీట ఆపేస్తే చాలు, నోటిఫికేషన్లు, అడుగుల లెక్క అలాగే వస్తాయి. జేబులో మూత సరిగా పడని ఇయర్‌బడ్స్ కూడా ఇదే పని చేస్తాయి.

కారు నుంచి డయల్ చేస్తే ఏమీ జరగక ఆగిపోతుంటే అది రెండు సిమ్‌ల చిక్కు. కాల్స్‌కి సిమ్ 'ప్రతిసారీ అడుగు' అని పెట్టి ఉంటే ఫోన్ తెర మీద "ఏ సిమ్?" అని ప్రశ్న వచ్చి కూర్చుంటుంది, కారుకి ఆ సంగతి తెలియదు. ఒక సిమ్‌ని డిఫాల్ట్‌గా పెట్టండి.

జత చేసినా కలవకపోవడం, కలిసి వెంటనే విడిపోవడం అయితే రెండు వైపులా చెరిపేయాలి. ఫోన్‌లో 'ఫర్గెట్' కొట్టి కారులో పాత పేరు వదిలేస్తే పని సగమే. జత కట్టినప్పుడు ఇద్దరూ ఒక రహస్య తాళంచెవి దాచుకుంటారు, ఒకరి దగ్గర పాతదీ ఇంకొకరి దగ్గర కొత్తదీ ఉంటే పడదు. రెండు వైపులా తీసేసి, ఫోన్ రీస్టార్ట్ చేసి, సెట్టుని ఆపి వెలిగించి, ఇంజన్ ఆన్‌లో, బండి నిలిచి ఉండగా మళ్లీ కలపండి. బండి కదులుతుంటే కొన్ని సెట్లు పెయిరింగ్ మెనూ తెరవనివ్వవు. సెట్టు జాబితా నిండిపోయినా కొత్త ఫోన్ ఎక్కదు. సెకండ్‌హ్యాండ్ బండిలో పాత ఓనరు, ఆయన బావమరిది, డ్రైవరు అందరి ఫోన్లూ అందులోనే ఉంటాయి, ఊడ్చేయండి. పిన్ అడిగే పాత సెట్టయితే 0000 లేదా 1234. ఇవేవీ పనిచేయకపోతే ఆండ్రాయిడ్‌లో బ్లూటూత్, వైఫై రీసెట్, ఐఫోన్‌లో నెట్‌వర్క్ సెట్టింగ్స్ రీసెట్ ఆఖరి మెట్టు. ఇంట్లో వైఫై పాస్‌వర్డ్ కూడా పోతుంది, ముందే రాసిపెట్టుకోండి.

ఐఫోన్‌లో పరికరం పక్కన 'ఐ' గుర్తు నొక్కితే 'డివైస్ టైప్' వస్తుంది, 'కార్ స్టీరియో' ఎంచుకోండి. కాల్ ఎత్తగానే ఎప్పుడూ ఫోన్‌లోకే పోతుంటే యాక్సెసిబిలిటీలో టచ్ కింద 'కాల్ ఆడియో రూటింగ్' చూడండి, 'ఆటోమేటిక్' మీద ఉండాలి.

కాంటాక్టులు రాకపోతే పెయిరింగ్ సమయంలో ఫోన్ అడిగిన అనుమతికి 'వద్దు' కొట్టి ఉంటారు. ఇందాకటి చక్రం గుర్తు పేజీలోనే 'కాంటాక్ట్ షేరింగ్' మీట ఉంటుంది. వచ్చినా పేర్ల చోట గళ్లు గళ్లుగా కనిపిస్తుంటే సెట్టులో తెలుగు అక్షరాల ఫాంటు లేదు. 'అమ్మ', 'పెద్దనాన్న' అని తెలుగులో సేవ్ చేసుకున్నవాళ్లకి చవక సెట్లతో ఈ గొడవ తప్పదు. కనీసం రోజూ మాట్లాడే పది పేర్లు ఇంగ్లీషు లిపిలో పెట్టుకోవడమే దారి.

మాట ముక్కలు ముక్కలుగా తెగుతుంటే కాల్‌ని ఒకసారి ఫోన్ స్పీకరుకి మార్చి వినమనండి, బండి ఆపి. అప్పుడూ తెగితే అది నెట్‌వర్క్, పరికరాన్ని తిట్టి లాభం లేదు. ఫోన్‌లో బాగుండి కారులో తెగుతుంటే ఫోన్ ఎక్కడుందో చూడండి. బ్లూటూత్ నడిచే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలని మన ఒళ్లు బాగా పీల్చుకుంటుంది. ప్యాంటు వెనక జేబులో, దాని మీద మనం కూర్చుంటే సిగ్నల్ సగం చస్తుంది. డ్యాష్‌క్యామ్ వైఫై కూడా అదే బ్యాండు, ఆపి చూడండి.

పోలీసుల సంగతి కూడా ఇక్కడే. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్‌లో చేతిలో ఫోన్ పట్టుకుని నడపడం ప్రమాదకరమైన డ్రైవింగ్ కిందికి వస్తుంది. మొదటి తప్పుకి 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల నుంచి ఏడాది జైలు గానీ, రెండూ గానీ. హ్యాండ్స్‌ఫ్రీ ఉండీ, అది వినపడక ఫోన్ చేతిలోకి తీసుకున్నా లెక్క ఒకటే.

డబ్బులిచ్చే ముందు షాపులో చేయాల్సిన పరీక్ష ఇది. ఇంజన్ ఆన్, ఏసీ ఫ్యాను మూడో నంబరులో, కిటికీలు మూసి, ఫోన్ డాష్‌బోర్డు మీద పెట్టి, కాల్ రికార్డు చేయగలిగే మనిషికి ఫోన్ చేయండి. ముందు పది అంకెల నంబరు ఒకటి చదవండి. తర్వాత ఇద్దరూ ఒకేసారి మాట్లాడండి, ఎకో బయటపడేది అప్పుడే. ఆ తర్వాత వాల్యూమ్ మూడొంతులకి పెంచి ఇంకోసారి. రికార్డింగ్ తెప్పించుకుని అక్కడే వినండి. పది అంకెల్లో రెండు అర్థం కాకపోయినా మైకు చోటు మార్చమని అడగండి. బిగించినవాడు ఇంకా స్క్రూడ్రైవర్ చేత్తో పట్టుకునే ఉంటాడు కాబట్టి ఐదు నిమిషాల పని. రేపు వస్తే "పాట బానే వస్తోంది కదా సార్" అంటాడు.